ముందు పంపు, తర్వాతే మ్యాపు

మన క్యాంపస్ బైక్ స్టాండులో నిలబడి ఎవర్నైనా అడిగి చూడండి, "ఫ్యూయల్ ఇంజెక్షన్ అంటే ఏంది రా?" అని. సీఎస్ఈ వాడైనా, మెకానికల్ వాడైనా మొదట చెప్పే మాట "ఈసీయూ". రెండో మాట "సెన్సర్లు". మూడోది "మ్యాపింగ్". ట్యాంకు, ఫిల్టరు, పంపు, ప్రెజర్ అనేవి ఆఖర్న వస్తాయి. చాలాసార్లు అసలు రావు.

నా వాదన అక్కడే మొదలవుతుంది. ఫ్యూయల్ సిస్టమ్ సెట్ చెయ్యడం అంటే ట్యాంకు దగ్గర బయల్దేరి ఇంజన్ వైపు నడవడం. మనం మాత్రం ల్యాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ దగ్గరే ఆగిపోతున్నాం. దానివల్ల బాగుపడాల్సిన బండ్లు పాత ఇనుము కొట్టుకు పోతున్నాయి, బాగున్న పార్టులు ఊరికే మారుతున్నాయి, మనకేమో డిగ్రీ చేతికొచ్చినా పని చేతికి రావడం లేదు.

ఈ మాట నిరూపించడానికి తిరుపతి రోడ్ల మీద మనకు కనబడని ఒక కారును ఎంచుకున్నా. ఎందుకంటే దాంట్లో కంప్యూటర్ లేదు. నింద మోపడానికి ఈసీయూ లేదు కాబట్టి అసలు దొంగ ఎవరో తప్పకుండా బయటపడతాడు.

కంప్యూటర్ లేని ఇంజెక్షన్

1967లో ఇంగ్లండుకు చెందిన ట్రయంఫ్ కంపెనీ టీఆర్5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. ఆరు సిలిండర్లు, 2,498 సీసీ, కంపెనీ చెప్పిన లెక్క 150 హార్స్‌పవర్. కార్బురేటర్ లేదు. దాని బదులు లూకాస్ కంపెనీ తయారుచేసిన మెకానికల్ ఇంజెక్షన్. దాని తర్వాత వచ్చిన టీఆర్6లోనూ ఇదే పెట్టారు. అమెరికాకు పంపిన బండ్లకు మాత్రం స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లే బిగించారు. సరిగ్గా అదే 1967లో జర్మనీలో బాష్ కంపెనీ డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ 1600లోకి తెచ్చింది. ఒకే ఏడాది, రెండు దారులు. ఇప్పుడు మన బైకుల్లో ఉన్నది రెండో దారి. కానీ మొదటి దారిని చూస్తేనే విషయం కంటికి కనిపిస్తుంది.

లూకాస్ అనే పేరు మనకు కొత్తది కాదు. 1961లో చెన్నై పాడిలో మొదలైన లూకాస్-టీవీఎస్ పేరు మన ఆటో ఎలక్ట్రీషియన్ల షాపుల్లో, సెల్ఫ్ మోటార్ల మీద చూస్తూనే ఉంటాం. ఆ పేరులో సగం ఈ కంపెనీదే.

ఇక ఆ సిస్టమ్ ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ట్యాంకు నుంచి పెట్రోల్ ఫిల్టరులోకి వస్తుంది. అక్కడి నుంచి డిక్కీలో ఉన్న ఎలక్ట్రిక్ పంపులోకి. పంపు దాన్ని సుమారు 106 నుంచి 110 పీఎస్ఐ ప్రెజర్‌తో తోస్తుంది. మన బైకు టైరులో ఉండేది 30 పీఎస్ఐ అటూ ఇటూ, ఎఫ్ఐ బైకు ఫ్యూయల్ లైనులో ఉండేది సాధారణంగా 43 దగ్గర. దాంతో పోలిస్తే ఇది ఎంతో ఆలోచించండి. ప్రెజర్ హద్దు దాటకుండా ఒక రిలీఫ్ వాల్వ్ కాపలా ఉంటుంది. ఎక్కువైన పెట్రోల్ తిరిగి ట్యాంకుకు పోతుంది.

ఇంజన్ పక్కన మీటరింగ్ యూనిట్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో ఒక రోటర్ ఇంజన్ స్పీడులో సగం స్పీడుతో తిరుగుతూ ఉంటుంది. రోటర్ లోపల వేలెడంత కూడా లేని షటిల్ ఒకటి రెండు స్టాపుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతుంది. అది ఒకసారి పరుగెత్తినప్పుడల్లా ఒక ఇంజెక్టరుకు ఒక మోతాదు పెట్రోల్ అందుతుంది. ఒక స్టాప్ కదలదు. రెండోదాన్ని మానిఫోల్డ్‌లోని వాక్యూమ్ కదిలిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ తగ్గుతుంది, స్టాప్ వెనక్కి జరుగుతుంది, షటిల్ ఇంకాస్త దూరం పోతుంది, పెట్రోల్ ఎక్కువ పడుతుంది. అంతే కథ. ఇప్పుడు ఈసీయూ మిల్లీసెకండ్లలో లెక్కగట్టి చేసే పనిని వీళ్ళు స్ప్రింగు, డయాఫ్రమ్, ఇనుప ముక్కలతో చేశారు.

ఇంత తెలివైన సిస్టమ్‌కు చెడ్డపేరు ఎందుకొచ్చింది? పంపు వల్ల. ఆ పంపుకు వాడింది వైపర్ మోటార్ నుంచి పుట్టిన మోటార్. గట్టి ప్రెజర్ దగ్గర పనిచేసి పనిచేసి వేడెక్కేది. ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉంటే, రిటన్ అయిన వేడి పెట్రోలే మళ్ళీ మళ్ళీ పంపులోకి వచ్చేది. ఎండాకాలంలో లోపలే ఆవిరి పుట్టి, ప్రెజర్ పడిపోయి, బండి దగ్గుతూ ఆగిపోయేది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బఠాణీల ప్యాకెట్టు తెచ్చి పంపు మీద పెట్టుకుని ఇల్లు చేరిన ఓనర్ల కథలు ఆ కారు అభిమానుల్లో ఇప్పటికీ నడుస్తాయి. నవ్వొస్తుంది గానీ, ఆ బఠాణీల ప్యాకెట్టే సరైన రోగనిర్ధారణ. రోగం ఇంజెక్షన్‌ది కాదు, పంపుది అని అది చెప్పేసింది.

అయినా చాలామంది ఏం చేశారు? మొత్తం ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్లు పెట్టుకున్నారు. ఇంకొంతమంది ఓపిగ్గా పంపు ఒక్కటే మార్చి, బాష్ పంపు పెట్టి, వైరింగు సరిచేశారు. ఆ రెండో రకం వాళ్ళ బండ్లు ఇవాళ్టికీ ఇంజెక్షన్ మీదే పరుగెడుతున్నాయి. పార్టు మారిస్తే పోయేదానికి సిస్టమ్ పీకేశారు మొదటి రకం వాళ్ళు. మనం ఏ రకం ఇంజనీర్లు కావాలి అన్నదే నా ప్రశ్న.

మన దేశంలోనూ ఇట్లాంటి యూటర్న్ ఒకటి జరిగింది. 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ, 2007లో బజాజ్ పల్సర్ 220 డీటీఎస్-ఎఫ్ఐ వచ్చాయి. 2009కి అదే పల్సర్ 220కి కంపెనీ మళ్ళీ కార్బురేటర్ పెట్టింది. ధర తగ్గింది, పవర్ కూడా రవ్వంత పెరిగింది. కొన్నవాళ్ళకు లాభమే, కాదనను. కానీ వీధి చివరి మెకానిక్ చేతికి ఎఫ్ఐ అలవాటయ్యే అవకాశం పదేళ్ళకు పైగా వెనక్కి పోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా ఆ నీళ్ళలోకి దూకాల్సి వచ్చింది.

డ్రిప్ వేసిన ప్రతి రైతుకూ ఇది తెలుసు

మనలో సగం మంది ఇళ్ళల్లో మామిడి తోటో, టమోటానో, చెరుకో ఉంటుంది. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి మన చిత్తూరు పల్లెల్లో డ్రిప్ తెలియని ఊరు దొరకడం కష్టం. ఒకసారి ఆ డ్రిప్‌ను తలచుకోండి.

బోరు మోటారు, అంటే పంపు. పక్కన బైపాస్ వాల్వు, అంటే రిలీఫ్ వాల్వు. ఫిల్టరు, దానికి ముందొక గేజీ, వెనకొక గేజీ. మెయిన్ పైపు, లేటరల్ పైపులు, చివర్న డ్రిప్పర్లు. డ్రిప్పర్లే ఇంజెక్టర్లు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి.

ఇప్పుడు తోటలో చివరి వరస చెట్లకు నీళ్ళు అందడం లేదనుకోండి. మీ నాయన ఏం చేస్తాడు? డ్రిప్పర్లు పీకి కొత్తవి కొంటాడా? కొనడు. ముందు మోటారు దగ్గరికి పోతాడు. కరెంటు సరిగ్గా వస్తా ఉండాదా, బోరులో నీళ్ళు ఉండాయా చూస్తాడు. తర్వాత రెండు గేజీలు చూస్తాడు. ముందు గేజీలో ప్రెజర్ ఉండి, వెనక గేజీలో పడిపోయిందంటే ఫిల్టరు మూసుకుపోయిందని అర్థం. కడుగుతాడు. ఆ తర్వాత లైను వెంబడి నడుస్తాడు, ఎక్కడ కారుతోందో చూస్తాడు. ఆఖర్న, అన్నిటికంటే ఆఖర్న, డ్రిప్పర్ దగ్గర వంగుతాడు.

బీటెక్ చదివిన మనం? బండి పికప్ లేదంటే ఇంజెక్టర్ క్లీనింగ్ అంటాం. అదీ కాకపోతే రీమ్యాప్ అంటాం. అంటే నేరుగా డ్రిప్పర్ దగ్గరికి పోయి, అది కూడా కాకుండా తోట ప్లాను మార్చడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ట్యాంకు గెలవకుండా మ్యాపు గెలిచేది ఎట్లా?

వరస ఏంటి, ఎందుకు ఆ వరస

పాత ఇంజెక్షన్ స్పోర్ట్స్ కారును సెట్ చేసేవాళ్ళు పాటించే వరస చెబుతా. ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉంది. ఒక మెట్టు దాటితే పై మెట్టు మీద చేసిన పనంతా దండగ.

అన్నిటికంటే ముందు జాగ్రత్త. 100 పీఎస్ఐ మీద పైపు జారితే పెట్రోల్ కారదు, పొగమంచులా చిమ్ముతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి ఆడే చోట, బ్యాటరీ వైరు ఊడదీసి, లైనులో ప్రెజర్ దించి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో పెట్టుకునే మొదలుపెట్టాలి. ఆ ప్రెజర్‌కు తయారుచేసిన హోసులే వాడాలి. తోటకు నీళ్ళు పట్టే పైపు ముక్క, కడ్డీ చుట్టిన క్లిప్పు ఇక్కడ పనికిరావు.

తర్వాత వాల్వు క్లియరెన్సు, ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్. ఇది ఫ్యూయల్ సిస్టమే కాదు గదా అంటారేమో. అందుకే ముందు. పెట్రోల్ సమస్య అని వచ్చిన బండ్లలో ఎన్నో కరెంటు సమస్యలే అని పాత మెకానిక్కులు నవ్వుతారు. నిప్పు సరిగ్గా లేని పొయ్యిలో కట్టెలు మార్చి లాభం లేదు.

ఇప్పుడు ట్యాంకు. ఏళ్ళ తరబడి నిలిచిన బండి ట్యాంకులో తుప్పు, మడ్డి ఉంటాయి. మీటరింగ్ యూనిట్‌లో రోటర్‌కూ దాని స్లీవ్‌కూ మధ్య ఖాళీ కంటికి కనబడనంత సన్నం. దాంట్లోకి ఇసుక రేణువు పోయిందంటే గీత పడుతుంది, ఆ యూనిట్ పని అయిపోయినట్టే. ట్యాంకు కడిగి, ఫిల్టరు కొత్తది వేశాకే పంపు ఆన్ చెయ్యాలి.

పంపు దగ్గర మొదట పట్టుకోవాల్సింది మల్టీమీటర్. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉన్నంత మాత్రాన పంపు దగ్గర ఉండదు. పాత వైరు, తుప్పు పట్టిన ఎర్తు, కాలిన స్విచ్చు కలిసి ఒకటిన్నర వోల్టు మింగేస్తాయి. పంపు నీరసంగా తిరుగుతుంది, ప్రెజర్ చాలదు. బ్యాటరీ నుంచి రిలే పెట్టి లావు వైరు లాగితే నయమయ్యే రోగానికి పంపు మార్చేవాళ్ళున్నారు.

ఇంకో సంగతి. ఏ పంపైనా తోయడంలో గట్టి, పీల్చడంలో బలహీనం. పీల్చే వైపు ఫిల్టరు కొంచెం మూసుకుపోయినా అక్కడ ప్రెజర్ తగ్గుతుంది. ప్రెజర్ తగ్గితే పెట్రోల్ తక్కువ వేడికే మరుగుతుంది. థర్మోడైనమిక్స్‌లో మనం పరీక్ష రాసిన పాఠమే ఇది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు మామూలుగానే 35, 40 డిగ్రీల దగ్గర ఆవిరవడం మొదలుపెడతాయి. మే నెలలో మన రేణిగుంట రోడ్డు మీద ఎండే 42, 43. ఆ ఇంగ్లండు చలిలోనే బఠాణీలు కావాల్సి వస్తే, ఇక్కడ పీల్చే వైపు ఎంత శుభ్రంగా ఉండాలో ఊహించుకోండి.

అప్పుడు గేజీ. లైనులో టీ పెట్టి, గేజీ బిగించి, ప్రెజర్ చూడాలి. చాలకపోతే రిలీఫ్ వాల్వు తిప్పే ముందు రిటన్ పైపు, వోల్టేజీ మళ్ళీ చూడాలి. ప్రెజర్ ఒక్కటే చాలదు, ఎంత పెట్రోల్ వస్తోందో కొలత పాత్రలో పట్టి, గడియారం పెట్టి చూడాలి. మూసుకుపోతున్న ఫిల్టరు వెనక కూడా, వాడకం లేనప్పుడు గేజీ బాగానే చూపిస్తుంది. అసలు రంగు ఫుల్ థ్రాటిల్‌లో బయటపడుతుంది.

తర్వాత ఇంజెక్టర్లు. ఒక్కొక్కటి ఊడదీసి సీసాలో పట్టి చూస్తే, పొగమంచులా గొడుగు విప్పినట్టు చిమ్మాలి. కారకూడదు, ధారగా పడకూడదు. లైన్లలో గాలి ఉంటే ముందు అది పోయేదాకా వదలాలి. ఆ తర్వాత గాలి వైపు. ఆరు థ్రాటిళ్ళూ ఒకే మోతాదు గాలి తాగాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తాగితే మిశ్రమం ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలవదు.

ఇవన్నీ అయ్యాక, ఆఖర్న, మిశ్రమం. ఒక గ్రాము పెట్రోల్‌కు 14.7 గ్రాముల గాలి అనే లెక్క మనందరికీ నోటికొచ్చు. పవర్ కావాలంటే 12.5, 13 దగ్గర పెడతారు. మనం మొదలుపెట్టేది ఇక్కడ. నిజానికి ఇది చివరి మెట్టు.

ఒకే లీకు, రెండు రోగాలు

వరస బట్టీ పడితే చాలదా, అర్థం చేసుకోవడం దేనికి అని అడిగేవాళ్ళకు ఒక ఉదాహరణ.

మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లీకు ఉందనుకోండి. గాలి కొలిచే సెన్సర్ ఉన్న ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కారులో, సెన్సర్ దాటాక దొంగదారిన వచ్చిన గాలి లెక్కలోకి రాదు. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. బండి లీన్ అవుతుంది. మన నోట్సులో ఉన్న జవాబు ఇదే.

టీఆర్6లో అదే లీకు ఉంటే? వాక్యూమ్ పడిపోతుంది. వాక్యూమ్ తగ్గిందంటే డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడని మీటరింగ్ యూనిట్ అనుకుంటుంది. ఇంకా పెట్రోల్ పోస్తుంది. బండి రిచ్ అయి నల్ల పొగ వదులుతుంది. లీకు అదే, రోగం తిరగబడింది. నల్ల పొగ చూసి మిశ్రమం తగ్గించేవాడు బండిని రెండుసార్లు చెడగొడతాడు. సిస్టమ్ దేన్ని కొలిచి పెట్రోల్ పోస్తుందో తెలిసినవాడు మాత్రం గాస్కెట్ దగ్గరికి పోతాడు. ఇంజనీరింగ్ చదువుకు ఇంతకన్నా మంచి పరీక్ష ప్రశ్న ఉంటుందా?

కొండా, ఈ20

మన ఊరి లెక్క ఒకటి వేద్దాం. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు, తిరుపతి దాదాపు 500. ఎత్తు 100 మీటర్లు పెరిగితే గాలి సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. కింది నుంచి పైకి పోయేసరికి 7 శాతం గాలి తగ్గినట్టు. ఇప్పటి ఎఫ్ఐ బండ్లు ప్రెజర్ సెన్సర్ చూసుకుని పెట్రోల్ తగ్గించుకుంటాయి. 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు మీద మనం ఏమీ గమనించకుండా ఎక్కేస్తాం. టీఆర్6లో ఫుల్ థ్రాటిల్ దగ్గర వాక్యూమ్ ఎక్కడైనా సున్నానే. అలిపిరి దగ్గర ఎంత పెట్రోల్ పోసిందో, కొండ మీదా అంతే పోస్తుంది. పైకి పోయేకొద్దీ రిచ్.

ఇప్పుడు ఈ20. 2022లో దేశం పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ చేరుకుంది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. ఇథనాల్‌కు కావాల్సిన గాలి గ్రాముకు 9 గ్రాములే. 20 శాతం కలిస్తే 14.7 లెక్క దాదాపు 13.5కి దిగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి ఆ తేడా చూసి సర్దుకుంటుంది. షటిల్‌కు ఆ తెలివి లేదు, పాత మోతాదే పోస్తుంది. దాదాపు 7, 8 శాతం లీన్.

అంటే ఈ20 పోసిన టీఆర్6 కొండ మీద సరిగ్గా నడుస్తుందన్న మాట! నవ్వుకోండి, కానీ మళ్ళీ కిందికి దిగాలి గదా.

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాదు. చెరుకు పండించే జిల్లా వాళ్ళం, ఆ డబ్బు రైతుకు చేరితే సంతోషమే. 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాపే, పాత పెట్రోల్‌కు తయారై 10 శాతానికి ట్యూన్ చేసిన కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని రాసింది. తగ్గుదల ఉందా లేదా అని సోషల్ మీడియాలో కొట్టుకోవడం కంటే ఇంజనీర్ అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ బండి దేన్ని కొలుస్తుంది? దీని హోసులు, ఓ-రింగులు ఏ రబ్బరువి, ఇథనాల్‌కు తట్టుకుంటాయా? నెలల తరబడి నిలిపే బండి అయితే ట్యాంకులోకి తేమ చేరకుండా ఏం చెయ్యాలి? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మీ తాతగారి కారైనా, 2005 నాటి బైకైనా బతుకుతుంది. ఇవన్నీ ట్యాంకు వైపు ప్రశ్నలే, గమనించారా?

"అయితే ఏంది?" అనేవాళ్ళకు

ఒక మిత్రుడు అంటాడు, "ఇదంతా పోతా ఉండే విద్య. ఎలక్ట్రిక్ వచ్చేసింది. రేణిగుంట దారిలో అమర రాజా వాళ్ళు బ్యాటరీలు చేస్తా ఉంటే నువ్వింకా పెట్రోల్ పైపులు పట్టుకున్నావా?"

మంచి ప్రశ్నే. నా జవాబు: వరస పోదు. ఎలక్ట్రిక్ బండి రేంజి తగ్గిందంటే, మూలం దగ్గర్నుంచి కొలుచుకుంటూ వచ్చేవాడికే కనెక్టరులో వోల్టేజీ ఎక్కడ మింగుడు పడుతోందో తెలుస్తుంది. నేరుగా యాప్ అప్‌డేట్ చేసేవాడికి తెలియదు. పైగా మన రోడ్ల మీద ఉన్న పెట్రోల్ బండ్లు రేపే మాయం కావు. వాటిని ఎవరో ఒకరు బాగుచెయ్యాలి.

ఇంకొకరు అంటారు, "ఆ పాత యూనిట్ తీసేసి కొత్త ఈసీయూ పెడితే పోలా?" పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ అదే నీరసం పంపు మీద, అదే తుప్పు ట్యాంకు మీద పెడితే ఖరీదైన ఈసీయూ కూడా అబద్ధపు ప్రెజర్ మీదే లెక్కలు వేస్తుంది. ఇంజెక్టర్ ఇన్ని మిల్లీసెకండ్లు తెరిస్తే ఇంత పెట్రోల్ పడుతుంది అనేది, ప్రెజర్ నిలకడగా ఉందన్న నమ్మకం మీద ఆధారపడిన లెక్క. ఆ నమ్మకం అబద్ధమైతే మ్యాపు మొత్తం అబద్ధమే.

ఫార్ములా స్టూడెంట్ కారు చేసే మన సీనియర్లూ, జూనియర్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. కేటీఎం 390 ఇంజన్ తెచ్చి, గాలి దారిలో రూల్ ప్రకారం 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ పెట్టి, నేరుగా మ్యాపింగ్‌కు కూర్చుంటారు. మలుపులో ట్యాంకులోని పెట్రోల్ ఒక మూలకు పోయి పంపు గాలి పీల్చిందంటే, ఆ క్షణం లీన్ అయినట్టు లాగ్‌లో కనబడుతుంది. దాన్ని చూసి మ్యాపులో పెట్రోల్ పెంచితే, మలుపు లేని చోట రిచ్ అవుతుంది. కావాల్సింది ట్యాంకులో ఒక అడ్డు రేకు. ల్యాప్‌టాప్ ఎంత వెతికినా ఆ రేకు అందులో దొరకదు.

మనం చెయ్యగలిగింది

కాలేజీని పెద్ద ల్యాబు కట్టమని అడగను. ఒక బల్ల చాలు. స్క్రాప్ అయిన ఎఫ్ఐ బైకు పంపు, రిలే, ఫిల్టరు, ఒక ప్రెజర్ గేజీ, ఒక ఇంజెక్టరు, కొలత గ్లాసు. పెట్రోల్ బదులు ఇంజెక్టర్ టెస్టింగ్ ద్రవం వాడితే మంట భయమూ తగ్గుతుంది. ఆ బల్ల మీద ఫిల్టరు సగం మూసి, వోల్టేజీ రెండు పాయింట్లు తగ్గించి, ఏమవుతుందో చూపిస్తే, రెండు గంటల్లో వచ్చే జ్ఞానం ఒక సెమిస్టరు పీపీటీల్లో రాదు.

రెండోది, మన వీధుల్లో ఉన్న మెకానిక్ అన్నలను పిలవాలి. కార్బురేటర్ చెవితో సెట్ చేసిన తరం అది. బీఎస్-6 తర్వాత స్కానర్ లేదన్న ఒక్క కారణంతో వాళ్ళు పని కోల్పోతున్నారు. మన దగ్గర స్కానర్ చదివే తెలివి ఉంది, వాళ్ళ దగ్గర బండి చదివే తెలివి ఉంది. చెవి ఒక్కటే చాలదు, గేజీ కావాలి. గేజీ ఒక్కటే చాలదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసిన చెయ్యి కావాలి. ఒక శనివారం వాళ్ళు మనకు నేర్పాలి, ఇంకో శనివారం మనం వాళ్ళకు నేర్పాలి. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అనే గొడవ అక్కర్లేదు.

మూడోది తెలుగు క్లబ్బుగా మన పని. "మిస్ కొడతా ఉండాది", "లాగడం లేదు", "దగ్గుతా ఉండాది", "పికప్ కట్ అయితా ఉండాది". ఈ మాటలు ఒకటి కాదు, ఒక్కో మాటకు ఒక్కో రోగం. మిస్ కొట్టడం వేరు, లాగకపోవడం వేరు. ఇంగ్లీషు మాన్యువల్లో ఒక పేజీ పట్టే లక్షణాన్ని మన అన్నలు రెండు మాటల్లో చెప్పేస్తారు. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు. ఏ మాట అన్నప్పుడు గేజీ ఎంత చూపించింది, చివరికి ఏ పార్టు దొరికింది అని ఒక నోటు పుస్తకం మనం మొదలుపెడితే, అది సాహిత్యమూ అవుతుంది, సర్వీస్ మాన్యువలూ అవుతుంది. తెలుగులో టెక్నికల్ రచన లేదని ఏడ్వడం కంటే ఇది మేలు గదా?

వచ్చే సంచికకు ఆ నోటు పుస్తకం మొదటి పేజీ ఎవరు రాస్తారు? మెకానికల్ వాళ్ళే రాయాలని లేదు. ఒక గేజీ, ఒక మల్టీమీటరు, అడగడానికి సిగ్గుపడని నోరు ఉంటే చాలు. మొదలు మాత్రం ట్యాంకు మూత దగ్గర్నుంచే పెట్టండి.